నాయన అమాయకుడుగా కనపడాల, స్క్రీన్ మీద విలన్ అయిపోతున్నాడు – తప్పు కెమెరాదా, ఎడిటింగ్‌దా?

స్వర్ణముఖి_ఒడ్డు (తిరుపతి)

అన్నలకూ అక్కలకూ నమస్తే. ఆరు నిమిషాల షార్ట్ ఫిల్మ్ చేస్తా ఉండాము. ఒక సీను దగ్గర ఇరుక్కుపోయినాం.

విషయం ఇది. పలమనేరు పక్క పల్లె నుంచి నాయన బస్సెక్కి తిరుపతికి వస్తాడు. కూతురు ఇక్కడ పీజీ చదువుతోంది. బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. "ఫీజు కట్టినావామ్మా?" అంటాడు. "కట్టినా నాయనా" అంటుంది. నిజానికి కట్టలేదు, ఆ డబ్బు వేరే దానికి ఖర్చయిపోయింది (అది తర్వాతి సీనులో తెలుస్తుంది). ఆయన నమ్మేసి, రుమాల్లో ముడేసుకున్న ఇంకో రెండు వేలు తీసి చేతిలో పెడతాడు. అంతే.

మాకు కావలసింది ఏమంటే, ఆయన పూర్తిగా నమ్మినాడని, ఆ పిల్లకి లోపల దేవినట్టు ఉందని తెలియాల. చూసినోళ్ళు చెప్పేది వేరే. "ఆయనకి అనుమానం వచ్చింది గదా" అంటారు. "ఆయన్ని చూస్తేనే భయమేసింది" అంటారు. "ఆ పిల్ల మోసగత్తె" అంటారు. డైలాగులో అట్లాంటిది ఒక్క ముక్క లేదు. నటించినోళ్ళు కూడా బాగానే చేసినారు.

తీసిన పద్ధతి చెప్తా. అంతా ఫోన్ మెయిన్ లెన్సుతోనే. నాయన క్లోజప్‌లకి ఫోన్ని బల్ల మీద గ్లాసుకి ఆనించినాం, ఆయన ముఖానికి అడుగున్నర దూరం ఉంటుంది. కూతురి షాట్లు నిలబడి చేత్తో పట్టుకొని తీసినవి. గల్లాపెట్టె దగ్గర నుంచి ఇద్దరూ కనపడే టూ షాట్ ఒకటుంది. సీను మొత్తం 1 నిమిషం 50 సెకన్లు, 31 కట్లు. ఎవరు మాట్లాడితే వాళ్ళ ముఖానికి పోయినాం. ఇద్దరూ ఒకే వైపు చూస్తా ఉన్నట్టు కనపడటం ఇంకో గొడవ. ట్యూబులైటు కింద చారలు కూడా పారుతున్నాయి.

హోటలాయన మధ్యాహ్నం 3 తర్వాత ఒక గంట ఇస్తానన్నాడు. ఎడిటింగ్‌లో సర్దుకోవచ్చా, మళ్ళీ తీయాల్సిందేనా?

---

రాజమహల్_ఫ్రేమ్ (చంద్రగిరి)

తమ్ముడూ, నువ్వు రాసిన దాంట్లోనే జవాబు ఉంది. నాయన్ని కింద నుంచి, ముఖానికి అతుక్కొని తీశావు. కూతుర్ని పై నుంచి, నిలబడి తీశావు. చూసేవాడికి డైలాగు చెవిన పడకముందే ఆయన పెద్దగా, ఆ పిల్ల ముద్దాయిగా కనపడిపోయారు.

ముందు దూరం సంగతి. ముఖం వికారంగా కనపడటానికి లెన్సు కారణం అనుకుంటారు, అసలు కారణం దూరం. మనిషి ముక్కు కొస చెవులకన్నా సుమారు 5 అంగుళాలు ముందుంటుంది. కెమెరా ముక్కుకి 18 అంగుళాల దూరంలో ఉంటే చెవులకి 23 అంగుళాలు. అంటే చెవులతో పోలిస్తే ముక్కు పాతిక శాతం పైగా పెద్దదవుతుంది. అదే 60 అంగుళాలు వెనక్కి పోతే చెవులకి 65, తేడా 8 శాతమే. ఆ పెరిగిన ముక్కూ, వెనక్కి పోయిన చెవులూ కామెడీకి పనికొస్తాయి, భయపెట్టడానికి పనికొస్తాయి. కూతురికి డబ్బు ముడి విప్పే తండ్రికి పనికిరావు. కాబట్టి ఐదడుగుల వెనక్కి పో, ఫోన్లో 2ఎక్స్ పెట్టు. పెద్ద కెమెరాల లెన్సు లెక్కలో మెయిన్ లెన్సు 24-26 ఎంఎంకి సమానం కాబట్టి 2ఎక్స్ అంటే సుమారు 50 ఎంఎం. 3ఎక్స్ ఉంటే ఇంకా బాగుంటుంది గానీ వెలుతురు చాలకపోతే కొన్ని ఫోన్లు 3ఎక్స్ లెన్సుని వదిలేసి, చెప్పకుండా మెయిన్ లెన్సు బొమ్మనే కోసి చూపిస్తాయి. పరీక్ష తేలిక. 3ఎక్స్‌లో పెట్టి ఆ లెన్సుని వేలితో మూయి. స్క్రీన్ మీద బొమ్మ ఇంకా కనపడుతోందంటే అది వేరే లెన్సు.

హోటలు బల్ల వెడల్పు రెండు, రెండున్నర అడుగులు. ఐదడుగుల దూరం కావాలంటే కెమెరా కూతురి కుర్చీ వెనక్కి చేరుతుంది, ఆమె భుజం ఫ్రేములో పడుతుంది. పడనీ. అదే నీకు కావాలి. ఆయన్ని మనం కూతురి పక్కన నిలబడి చూస్తున్నట్టు అవుతుంది.

కూతురి షాటు దీనికి రివర్స్‌లో పెట్టొద్దు. అక్కడ నాయన భుజం లేకుండా ఆమె ఒక్కత్తే ఉండాలి. కెమెరా నాయన చెవి పక్కన, ఆయనకి వీలైనంత దగ్గరగా. అప్పుడు ఆమె చూపు లెన్సుకి రెండు మూడు వేళ్ళ పక్కన పడుతుంది. చూపు లెన్సుకి ఎంత దగ్గరైతే మనం ఆ మనిషి లోపలికి అంత పోతాం. పక్క నుంచి ప్రొఫైల్ తీస్తే బయట నిలబడిపోతాం. సీను కూతురిది కాబట్టి ఆమెకి ఆ దగ్గరతనం ఇవ్వు, నాయనకి ఇవ్వకు.

ఎత్తు: కూర్చున్న మనిషి కళ్ళు నేల నుంచి నాలుగడుగులకి కాస్త లోపు ఉంటాయి. ఇద్దరికీ లెన్సు ఆ ఎత్తులోనే. నాయనకి రెండంగుళాలు పైన పెట్టినా నష్టం లేదు. బల్ల మీద నుంచి తీస్తే గడ్డం కింది భాగం, ముక్కు రంధ్రాలు, వెనకాల తిరిగే ఫ్యాను. ఆ ఫ్యానే సగం భయం. అయితే కింద నుంచి తీస్తే బలం, పై నుంచి తీస్తే బలహీనం అని పుస్తకంలో సూత్రంలా పట్టుకోకు. ఆకాశం ముందు ఎగిరే పిల్లవాణ్ణి కింద నుంచి తీస్తే అధికారం కనపడదు. ఇక్కడ భయం పుట్టింది కింది కోణం, దగ్గర దూరం, చీకటి కళ్ళు మూడూ కలిసినందుకు.

చీకటి కళ్ళు అన్నా కదా. నెత్తిమీద ట్యూబులైటు ఉంటే కంటి గుంటల్లో నీడ పడుతుంది, కళ్ళలో మెరుపు చుక్క ఉండదు. కళ్ళు కనపడని మనిషిని ఎవరూ నమ్మరు. సరిగ్గా పైనున్న ట్యూబు ఆర్పెయ్యి, బల్లని తలుపు వైపు జరుపు, ఆయన ఒడిలో ఫ్రేముకి కింద తెల్ల థర్మోకోల్ షీటు పెట్టు. తలుపు నుంచి వచ్చే వెలుతురు దాని మీద పడి కళ్ళలోకి లేస్తుంది. చుక్క కనపడేదాకా షీటు కోణం మార్చు. తెల్ల పంచె మడత పెట్టి పరిచినా పని జరుగుతుంది.

చారలకి మందు: మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకి 100 సార్లు ఎక్కి దిగుతుంది. ఫోను మామూలుగా సెకనుకి 30 ఫ్రేముల్లో, దానికి తోచిన షట్టరుతో (ఒక్కో ఫ్రేముకి వెలుతురు తీసుకునే సమయం) తీస్తుంది, అందుకే చారలు. 25 ఫ్రేములు, షట్టరు 1/50 సెకను పెట్టి లాక్ చెయ్యి. వెలుతురు ఎక్కువైతే 1/100. ఫోను సొంత యాప్‌లో ఇవి రాకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితమే, ఐఫోన్‌కీ చాలా ఆండ్రాయిడ్లకీ ఉంది. వైట్ బ్యాలెన్స్ (వెలుతురుని బట్టి ఫోను రంగు సర్దుకోవడం) కూడా లాక్ చెయ్యి, లేకపోతే కూతురి షాటు పచ్చగా, నాయన షాటు ఎర్రగా వచ్చి ఇద్దరూ రెండు హోటళ్ళలో ఉన్నట్టు అవుతుంది. వెనకాల అంతా మసక చేసే సినిమాటిక్ మోడ్ బ్లర్ మాత్రం వద్దు. స్టీలు గ్లాసు అంచులు, జుట్టు పోగులు తినేస్తుంది.

---

స్వర్ణముఖి_ఒడ్డు

అన్నా, దండం. ఇద్దరూ ఒకే వైపు చూసేది ఎట్ల సరిచేయాల? ఎడిటింగ్‌లో ఒకరిని అద్దంలో మాదిరి తిప్పేస్తే సరిపోదా?

---

రాజమహల్_ఫ్రేమ్

తిప్పొచ్చు, కానీ చొక్కా జేబు కుడి వైపుకి పోతుంది, పైట కుడి భుజం మీదికి పోతుంది, వెనక గోడ మీద "టిఫిన్స్ రెడీ" బోర్డు అద్దంలో అక్షరాల మాదిరి తిరగబడుతుంది. పైట మారితే మనవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. గోడ ఖాళీగా ఉండి, నాయన శాలువా కప్పుకొని ఉంటే తప్ప ఆ దారి వద్దు.

రీషూట్‌లో ఇద్దరి ముక్కులనీ కలుపుతూ నేల మీద సుద్దతో గీత గియ్యి. ఆ గీతకి ఒక పక్కనే కెమెరా, గీత దాటితేనే ఇద్దరూ ఒకే వైపు చూసినట్టు వస్తుంది. గల్లాపెట్టె వైపు అనుకున్నావంటే అన్నీ అటే. అప్పుడు ఆయన ఎడమ నుంచి కుడికి, ఆమె కుడి నుంచి ఎడమకి చూస్తారు. టూ షాట్ గల్లాపెట్టె నుంచే ఉంది కాబట్టి దాన్ని మళ్ళీ తీయక్కర్లేదు అనిపిస్తుంది, కానీ ఫ్రేములు 30, రంగు వేరు. మళ్ళీ తియ్యి, రెండు నిమిషాల పని. ఒకే మనిషిని రెండు షాట్లలో తీస్తే మధ్యలో కనీసం 30 డిగ్రీలు కోణం మార్చు, సైజు కూడా మార్చు. కొంచెమే జరిపి తీస్తే కట్ దగ్గర తల ఎగిరినట్టు కనపడుతుంది.

---

కట్‌పాయింట్ (తిరుపతి)

కెమెరా గురించి అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. కానీ తమ్ముడూ, ఇదే ఫుటేజీతో కూడా ఆ అనుమానాన్ని చాలావరకు తీసెయ్యొచ్చు. అనుమానం పుట్టింది ముఖంలో కాదు, కట్‌లో.

110 సెకన్లకి 31 కట్లు. సగటున మూడున్నర సెకన్లకి ఒకటి. ప్రశ్నకి ఆయన, జవాబుకి ఆమె, ప్రశ్నకి ఆయన, జవాబుకి ఆమె. ఇది విచారణ లయ. పోలీసు స్టేషను సీన్లు ఇలాగే కడతారు. తండ్రీకూతుళ్ళ మాటల్ని ఆ లయలో పెడితే తండ్రి నిలదీస్తున్నట్టే ఉంటుంది.

రెండోది ఇంకా ముఖ్యం. "కట్టినా నాయనా" అనగానే ఆయన ముఖానికి కట్ చేశావు కదా? ఆ చోట ఏ ముఖం పెట్టినా, అది ఒక్క సెకను కదలకుండా ఉంటే చాలు, "ఆలోచిస్తున్నాడు" అనే చదువుతారు. రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు చేసిన ప్రయోగం ఇదే. మొజ్జూకిన్ అనే నటుడి భావం లేని ముఖం ఒకటే షాటు, దాని పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటిక, ఇంకోసారి ఇంకొకటి. చూసినవాళ్ళు ఆకలి అన్నారు, దుఃఖం అన్నారు, నటుణ్ణి మెచ్చుకున్నారు. ఆ అసలు రీలు ఇప్పుడు లేదు. ఆయన శిష్యుడు పుడోవ్కిన్ రాసినదానికీ కులెషోవ్ చెప్పినదానికీ వివరాల్లో తేడాలున్నాయి. అయినా ఏ ఎడిటింగ్ టేబుల్ మీదైనా పది నిమిషాల్లో మీరే చేసి చూడొచ్చు. ఒక షరతు: ముఖం ఖాళీగా ఉండాలి. నటుడు అప్పటికే కనుబొమ్మలు ముడిచేసి ఉంటే పక్కన ఏం పెట్టినా మారదు.

నీ సీనులో పక్కన ఉన్నది అబద్ధం. కాబట్టి ఖాళీ ముఖం అనుమానంగా మారింది. దీనికి ఇలా చెయ్యి:

"కట్టినా నాయనా" తర్వాత కూతురి మీదే ఉండు. 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో 45-50 ఫ్రేములు, అంటే దాదాపు రెండు సెకన్లు. మొదటి సెకను ఏం జరగదు, రెండో సెకన్లో ఆమె చూపు దిగుతుంది. చూపు దిగడం అయ్యేదాకా కట్ చెయ్యకు. నాయన "మంచిదమ్మా" అనేది ఆమె ముఖం మీదే వినిపించనీ. ఆయన గొంతుని ఆయన బొమ్మ కన్నా ముందు లాగాలి, మనవాళ్ళు జె-కట్ అంటారు. ఆ తర్వాత ఆయన ముఖానికి పోవద్దు, చేతులకి పో. వేళ్ళు అప్పటికే రుమాలు ముడి విప్పుతూ ఉండాలి. కదలిక మొదలయ్యాకే షాటు మొదలవ్వాలి. అప్పుడు నిర్ణయం అబద్ధానికి ముందే అయిపోయినట్టు, ఆయన జవాబుని తూచనే లేదన్నట్టు అర్థమవుతుంది. చేతుల తర్వాత ముఖం చూపించు, కానీ ఆ ముఖం నోట్ల వైపు వంగి ఉండాలి. అబద్ధం తర్వాత ఆయన కూతురి కళ్ళలోకి ఒక్కసారి కూడా చూడకపోతే అనుమానానికి చోటే లేదు.

అలాంటి ముఖం నీ దగ్గర లేదంటావా? ప్రతి టేకు మొదట్లో "యాక్షన్" అనకముందు, చివర "కట్" అన్నాక ఉండే ముక్కలు చూడు. నటుడు ఊరికే కూర్చొని గ్లాసు వైపు చూస్తుంటాడు. రియాక్షన్ షాట్లకి అంతకు మించిన గని లేదు. ఒకటి గమనించు: నటుడు నెమ్మదిగా రెప్ప వేస్తే అది ఆలోచన తెగినట్టు కనపడుతుంది. నాయన షాటులో అలాంటి రెప్పకి ముందే బయటికి రా. కూతురి షాటులో రెప్పని వాడుకో.

ఇక "మోసగత్తె" సంగతి. డబ్బు ఏమైందో తర్వాతి సీను దాకా దాచావు. అప్పటికి చూసేవాడు ఆమెని నమ్మి ఉంటాడు, తర్వాత తనూ మోసపోయానని కోపం తెచ్చుకుంటాడు. క్రమం మార్చు. ఆయన అడగకముందే ఆమె బ్యాగులో బ్యాంకు ముద్ర పడని ఫీజు చలానా కనపడాలి. గుట్టు మనకి ముందే తెలిస్తే ఆయన నోరు తెరిచిన ప్రతిసారీ మనకి భయం వేస్తుంది. ఆ భయం ఆమె తరఫున. అదే కాగితం అబద్ధం తర్వాత చూపిస్తే సాక్ష్యం అవుతుంది. కాగితం ఒకటే, తీసిన తీరు ఒకటే, పెట్టిన చోటు వల్ల ఆమె దోషి అవుతుందా, మనమనిషి అవుతుందా అన్నది తేలిపోతుంది.

చలానా షాటు ఫ్రేము నిండా తియ్యి. దాని మీద చదవాల్సింది నిదానంగా రెండుసార్లు పైకి చదివితే ఎంత సేపు పడుతుందో అంత సేపు ఉంచు. ఈ రోజుల్లో ఫీజులన్నీ ఆన్‌లైనే కదా, ఫోన్లో "పెండింగ్" చూపిస్తే పోదా అనొచ్చు. పోతుంది, కానీ స్క్రీన్ మీద లైటు ప్రతిబింబాలు, చిన్న అక్షరాలు. కాగితమే మేలు.

---

స్వర్ణముఖి_ఒడ్డు

అక్కా, ఇంకొకటి. మేము టీ గ్లాసు లెవెలు చూసుకోలేదు. ఒక షాటులో నిండుగా ఉంది, తర్వాత షాటులో సగం, ఆ తర్వాత మళ్ళీ నిండు. దానికోసమే మంచి టేకు పక్కన పెట్టేసినాం.

---

కట్‌పాయింట్

తెచ్చి మళ్ళీ పెట్టు. హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ కట్‌కి ఆరు కొలతలు చెప్పాడు. అందులో ఎమోషన్‌కి 51 శాతం, కథకి 23, లయకి 10. వస్తువులూ మనుషులూ ఉన్న చోటే ఉన్నారా అనే దానికి అన్నిటికన్నా చివర 4 శాతం. లెక్క అక్షరాలా పట్టుకోనక్కర్లేదు, వరస పట్టుకో. చూసేవాడు కూతురి కళ్ళలో ఉంటే గ్లాసు చూడడు. గ్లాసు చూశాడంటే నీ సీను అప్పటికే జారిపోయింది.

రీషూట్‌లో మాత్రం గ్లాసు లోపల మార్కర్‌తో చుక్క పెట్టి ప్రతి టేకుకీ అక్కడిదాకా పోయించు. ఇంకా మంచి దారి, ఆ సేపంతా ఎవరూ గ్లాసు ముట్టకూడదు.

---

గల్లాపెట్టె (చిత్తూరు)

అందరూ క్లోజప్‌ల చుట్టూనే తిరుగుతా ఉండారు. నన్నడిగితే ఈ సీనుకి 31 కట్లూ వద్దు, 10 కట్లూ వద్దు. నాలుగు చాలు.

గల్లాపెట్టె నుంచి తీసిన టూ షాట్ ఉంది గదా, దాన్ని 40 సెకన్లు వదిలిపెట్టండి. ఆయన సంచీ ఇద్దరి మధ్య బల్ల మీద పెట్టండి. ఆయన దాన్ని పక్కకి జరిపి చెయ్యి చాపితే దూరం తగ్గినట్టు, ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంటే పెరిగినట్టు. కట్ లేకుండానే ఇదంతా కనపడుతుంది. వెనకాల సర్వరు తిరుగుతుంటాడు, ఎవరో బిల్లు కడుతుంటారు, వీళ్ళని ఎవరూ పట్టించుకోరు. కట్ చేసిన ప్రతిసారీ "ఇక్కడ చూడు" అని చెప్పినట్టే. చెప్పకుండా వదిలేస్తే చూసేవాడే వెతుక్కుంటాడు. అట్ల వెతుక్కున్నదే మనసులో నిలుస్తుంది. అబద్ధం దగ్గర ఒక్క క్లోజప్ దాచిపెట్టుకోండి. 40 సెకన్ల తర్వాత వచ్చే ఒకే ఒక్క క్లోజప్‌కి ఉన్న బలం ఇరవయ్యోదానికి ఉండదు.

---

కట్‌పాయింట్

అన్నా, మీరు చెప్పింది చేతనైతే అంతకన్నా ఏం కావాలి. కానీ కట్ లేకుండా సాగే లాంగ్ టేకులో సీను నటుల చేతిలో ఉంటుంది, ఎడిటర్ చేతిలో ఉండదు. "మంచిదమ్మా" ఒక సెకను ఆలస్యమైతే దాన్ని తగ్గించే దారే లేదు. కొత్తవాళ్ళకి ఒక గంటలో అది కుదరాలంటే కనీసం నాలుగైదు రిహార్సల్స్ బయట అయిపోవాలి. తమ్ముడూ, టూ షాట్‌ని మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా మూడు టేకులు తియ్యి, క్లోజప్‌లు కూడా తియ్యి. మొదటి 25 సెకన్లు టూ షాట్‌లో వదిలి, చలానా దగ్గర లోపలికి దిగు. మీ ఇద్దరి మాటా నిలబడుతుంది.

---

చెవి_ముఖ్యం (తిరుపతి)

సౌండు గురించి ఒక్కరూ ఎత్తలేదే! హోటల్లో తీసే సీనుకి సగం అర్థం అక్కడే ఉంది.

హోటల్లో పాట మోగుతుంటే ముందు ఆపించండి. పాట మీద తీస్తే ప్రతి కట్‌కీ పాట ఎగురుతుంది, ఆ ఎడిట్ ఎవరూ బాగుచేయలేరు. పైగా రికార్డింగుకి హక్కులుంటాయి. మన ఊళ్ళో ఇంకో చిక్కు ఉంది: తెల్లవారితే చాలు ఏ హోటల్లో చూసినా సుప్రభాతం. మీరు మధ్యాహ్నం సీనులో వెనకాల అది వేస్తే ఇక్కడివాడు వెంటనే "పొద్దున్నే వచ్చినాడా?" అనుకుంటాడు. గడియారం చూపించినా నమ్మడు. అదే తెల్లారు బస్సుకి దిగినాడని చెప్పాలంటే దూరంగా రెండు సెకన్లు వినపడితే చాలు, "ఉదయం 5" అని టైటిల్ వేయనక్కర్లేదు.

ఫ్యాను, ఫ్రిజ్ ఆపించండి (ఫ్రిజ్ మళ్ళీ వెయ్యడం మర్చిపోకండి, తర్వాత ఎవరూ చోటివ్వరు). రెండో ఫోన్‌కి తీగ మైకు పెట్టి చొక్కా రెండో గుండీ దగ్గర లోపలి నుంచి అంటించండి. ప్రతి టేకు మొదట చప్పట్లు కొడితే తర్వాత కలుపుకోవచ్చు. ఫోను కెమెరా ఫ్రేము రేటు అటూఇటూ అవుతుంటే రెండు నిమిషాల క్లిప్‌లోనే పెదాలూ మాటా విడిపోతాయి. పాత ఫుటేజీకి ఆ సమస్య ఉంటే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో స్థిర ఫ్రేము రేటుకి మార్చుకొని అప్పుడు ఎడిటింగ్‌లోకి తీసుకోండి. డావిన్చీ రిజాల్వ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ప్రాజెక్టు ఫ్రేము రేటు ముందే 25 పెట్టాల, క్లిప్పులు వేసినాక మార్చనివ్వదు.

అందరూ ఉండగానే, ఎవరూ మాట్లాడకుండా, ఒక నిమిషం ఖాళీ హోటల్ సౌండు రికార్డు చేయండి. మాట తీసేసిన ప్రతి చోటా దాన్ని పరచాలి. కొత్తగా చేసేవాళ్ళు "నిశ్శబ్దం" అంటే ఆడియో మొత్తం కోసేస్తారు. చూసేవాడు స్పీకరు పోయిందనుకుంటాడు. నిశ్శబ్దం కావాలంటే చిన్న చప్పుడు ఒకటి వినపడాల.

ఇక్కడ ఆ చప్పుడు నోట్లది. రెండు వేలంటే నాలుగు ఐదువందల నోట్లు. కూతురి ముఖం మీద ఉండి, ఆయన లెక్కపెట్టేది వినిపించండి: ఒకటి, రెండు, మూడు, నాలుగు. వేలు తడి చేసుకొని నోటు జరిపే గరగర. దీన్ని విడిగా, మైకు నాలుగు అంగుళాల్లో పెట్టి రికార్డు చేసుకోండి. "మంచిదమ్మా" అన్నప్పుడు పెనం మీద దోసె చప్పుడు మామూలుగా ఉండి, నోట్లు మొదలయ్యేసరికి మూడు సెకన్లలో మెల్లగా తగ్గిపోవాల. ఆ పిల్ల చెవులకి ఇంకేం వినపడటం లేదని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఎడిటింగ్‌లో సౌండు మీటరు మీద మాటలు మైనస్ 12 నుంచి మైనస్ 6 డీబీ మధ్య ఎక్కి దిగితే చాలు. వయొలిన్ వద్దే వద్దు.

---

స్వర్ణముఖి_ఒడ్డు

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, అందరికీ థాంక్స్. ఒకే ఒక్క డౌటు. చివర్లో నాయన బస్సుకి నడిచిపోతాడు, వెనక శేషాచలం కొండ పెద్దగా రావాల. మా షాటులో కొండ పిడికెడంత వచ్చింది. డ్రోన్ ఎవరైనా ఇస్తే తీసుకోవాల్నా?

---

రాజమహల్_ఫ్రేమ్

డ్రోన్ మాట వదిలెయ్. తిరుమల కొండ మీద డ్రోన్లు నిషేధం, అటువైపు ఎగరేసి పోలీసుల చేతిలో పడొద్దు. పై నుంచి తీస్తే కొండ ఇంకా చదునవుతుంది కూడా.

కొండ పెద్దగా రావాలంటే మనిషికి దూరం పో. నువ్వు ఆయనకి ఆరడుగుల్లో నిలబడి మెయిన్ లెన్సుతో తీసుంటావు. 60-70 అడుగులు వెనక్కి పోయి 5ఎక్స్‌తో తియ్యి. మనిషి ఫ్రేములో తల నుంచి కాలిదాకా పడతాడు, కొండ మాత్రం ఆయన వెనక గోడలా లేస్తుంది. ఆ లెన్సులో ఆయన నడిచినా దగ్గరికి వచ్చినట్టుగానీ దూరం పోయినట్టుగానీ తొందరగా తెలియదు. కాళ్ళు ఆడుతుంటాయి, చోటు మారదు. నీకు కావలసిన బరువు అదే అనుకుంటా. చేత్తో పట్టుకుంటే వణుకుతుంది, స్టాండు తప్పదు.

వెలుతురు చూసుకో. ఊరి నుంచి కనపడే కొండ ముఖం దక్షిణం వైపుంది. డిసెంబరు, జనవరిలో సూర్యుడు దక్షిణంగా తిరుగుతాడు కాబట్టి రోజంతా దాని మీద ఎండ ఉంటుంది, రాళ్ళ మడతలు కనపడతాయి. మే నుంచి ఆగస్టు మధ్యదాకా మన అక్షాంశంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, కొండ ముఖం నీడలో పడి నల్లటి ముద్దగా వస్తుంది. అప్పుడు తీయాల్సి వస్తే వాన వెలిసిన పూట తియ్యి. గాలిలో దుమ్ము ఉండదు, మబ్బు వెలుతురు అంతటా సమానంగా పడుతుంది.

బస్టాండు లోపల స్టాండు వేయాలంటే డిపోలో రాతపూర్వకంగా అడగాలి. రోడ్డు మీద నుంచే ఆ కోణం దొరికితే ఆ తిప్పలు ఎందుకు.

---

కట్‌పాయింట్

గంట టైమే కాబట్టి వరస రాసుకొని పో. బల్ల, థర్మోకోల్, సుద్ద గీత, లాకులు: 10 నిమిషాలు. టూ షాట్ మొత్తం సీను మూడు టేకులు: 10. తర్వాత కూతురి క్లోజప్. ఆమెది కష్టమైన పని, అలసిపోకముందే తియ్యి, 15 నిమిషాలు ఇవ్వు. ఆ సేపంతా నాయన పాత్రధారి కెమెరా పక్కనే కూర్చొని నిజంగా నోట్లు లెక్కపెట్టాలి, వేరేవాళ్ళు డైలాగు అందిస్తే ఆ చూపు రాదు. తర్వాత కూతురి భుజం మీదుగా నాయన: 10. చేతులు, రుమాలు, చలానా ఇన్‌సర్ట్‌లు (మధ్యలో వేసే దగ్గరి షాట్లు): 8. ఖాళీ సౌండు, నోట్ల సౌండు: 5. మిగిలిన రెండు నిమిషాలు ఫ్రిజ్ వెయ్యడానికి!

ఎడిట్ అయ్యాక కథ తెలియని ముగ్గురికి చూపించు. "బాగుందా?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. "ఆయనకి తెలిసిందా, లేదా?" అని ఒక్కటే అడుగు. ముగ్గురిలో ఒక్కరు తెలిసిందన్నా "కట్టినా" తర్వాతి మూడు షాట్లకి తిరిగి పో, తప్పు అక్కడే ఉంటుంది. ఆ మూడు షాట్లనే మూడు రకాలుగా కట్టి ఉంచుకో. ఆయనకి తెలిసినట్టు ఒకటి, తెలియనట్టు ఒకటి, తెలిసీ ఊరుకున్నట్టు ఒకటి. మూడోది చూశాక మీ కథే మారిపోయే ప్రమాదం ఉంది, ముందే చెప్తున్నా.

పాత షాట్లు ఏవైనా కలుపుకోవాల్సి వస్తుందేమో, నాయన వేషం వేసినాయనకి ఫోన్ చేసి గడ్డం గీసుకోవద్దని, ఆ చొక్కా ఇస్త్రీ చేయించొద్దని చెప్పు.